పూడ్చిన బాయి జాడ

జమ్ము బార్డర్, మా పోస్టు
3 నవంబర్ 2024

నాయినకు, అమ్మకు,

నేను, జ్యోతిని. ఉత్తరం జూసి భయపడకుండ్రి, ఏం గాలె, మంచిగున్న. ఫోన్లే లెవ్వు. ఈ కొత్త పని మొదలువెట్టిన రోజు అందరి ఫోన్లు తీసుకొని సంచిల ఏసి సీలు కొట్టిండ్రు. పని ఒడిసేదాంక ఇయ్యరంట. అందుకని అందరం కవర్లు, కాయిదాలు తెప్పిచ్చుకున్నం. మా జట్టుల సగం మందికి ఉత్తరం ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వది. సూర్యాపేట మహేందర్ అయితే వాళ్లమ్మకు "హాయ్" అని రాసి పావుగంట కలం నోట్లె పెట్టుకొని కూసున్నడు.

ఏం పని అని అడగకుండ్రి, రాయొద్దన్నరు. గింత మాత్రం చెప్తా. పొద్దున మంచు కమ్ముకొని ఉండంగనే లైను కట్టి పొలాలల్ల నడుస్తం. చేతుల ఇనుప సలాక. నాలుగడుగులకొకసారి భూమిల గుచ్చి సూసుడు, అనుమానం ఉన్న కాడ తవ్వుడు. ఇరవై రెండు మందిమి, అండ్ల ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఈ జట్టుల జాగ కోసం మూడుసార్లు అడిగిన. "నీతోని అయితదా?" అన్నడు కమాండెంట్ సాబ్. "సర్, మా నాయిన నల్లగొండ జిల్లాల బాయిలు తవ్విండు" అన్న. నవ్విండు గాని పేరు రాసుకున్నడు.

చేతులు జర బొబ్బలెక్కినయి. అమ్మా, ఏడ్వకు. పోతయి.

నాయినా, నీతోని ఒక పని వడ్డది. పూడ్చిన పాత బాయి ఏడుందో పైనుంచి ఎట్ల గుర్తువడతవ్? మన కాలనీల ఇండ్ల కింద పాత బాయిలుంటే నువ్వు అడుగు పెట్టంగనే చెప్తుండె గదా. అన్నీ వివరంగ రాయి. ఎందుకని మాత్రం అడగకు. జర జల్ది.

మీ బిడ్డ,
అరుణజ్యోతి


ఎల్బీనగర్
11 నవంబర్ 2024

బిడ్డా జ్యోతీ,

మన ఇంటికి ఉత్తరమొచ్చి ఎన్నేండ్లాయెనో. పోస్టాయన సంతకం పెట్టుమంటే, కరెంటోళ్ల నోటీసు కావొచ్చని మీ అమ్మ ముందుగాల తీసుకోనన్నదంట. నేను ఆ టైముకు మీర్‌పేట్‌ల ఉన్న. ఆడ ఒకలింట్ల నీళ్ల సంపు తవ్వుతున్నం. జేసీబీ డ్రైవర్ గోడ పక్కకే కొట్టవొయ్యిండు, "అరే, ఇంటోడు సంపు అడిగిండు, ఇల్లు కూలగొట్టుమనలే" అని నేను మొత్తుకున్నంక ఆపిండు. ఇంటికొచ్చి నీ ఉత్తరం మీ అమ్మకు మూడుసార్లు చదివి ఇనిపిచ్చిన. బొబ్బలున్న కాడికి వచ్చినంక నాలుగోసారి చదవనియ్యలే.

నువ్వు దాచినా నాకు సమజ్ గాదనుకున్నవా? ముప్పై ఏండ్ల సంది మట్టిల ఉన్నోణ్ణి. పాత బాయి ఎవలు ఎతుకుతరు? నీళ్లు లేనోళ్లు ఎతుకుతరు. ఇరవై రెండు మందికి తాగనీకి నీళ్లు లెవ్వు, సిగ్గయి బయటికి చెప్తలేరు, పాత బాయి పూడిక తీపిద్దామని నా బిడ్డ చేతికి సలాక ఇచ్చిండ్రు. అంతేనా?

పూడ్చిన బాయి జోలికి పోకు. అది ఎండినంకనే పూడుస్తరు. కొత్త పాయింట్ సూడు. కొబ్బరికాయ అరచేతిల పండబెట్టుకొని మెల్లగ నడువు, అది లేచి నిలబడ్డ కాడ నీళ్లుంటయి. లేకుంటే పంగల కర్ర పట్టుకో. ఆడ మంచి వేప దొరుకుతదో లేదో అని ఒకటి కోసి, చెక్కి, పార్సల్ జేసిన. నాకు పదిసార్లల్ల ఆరుసార్లు పడ్డది. మిగిలిన నాలుగు కూడ పడేటియే, ఇంటోళ్లు లోతు పోనియ్యలే.

ఇగ నా కోపం ఇను. దిల్‌సుఖ్‌నగర్‌ల రెండేండ్లు కోచింగ్ ఎందుకు ఇప్పిచ్చిన? నేను పట్టిన గడ్డపార నువ్వు పట్టొద్దని. పోలీస్ కావొచ్చు, బార్డర్‌ల తుపాకి పట్టొచ్చు, సరే అన్న. తవ్వుడేంది? మనసున వట్టక ఎదురింటి సాంబమూర్తి సార్‌కు చెప్పిన. ఆయన ఆఫీసుల ముప్పై రెండేండ్లు దరఖాస్తులే రాసిండు గదా. "అదేంటండీ లింగస్వామిగారూ, ఆడపిల్ల చేత నూతులు తవ్విస్తారా! ఆగండి, దీని సంగతి నేను చూస్తాను" అని ఇంగ్లీషుల మూడు పేజీలు కొట్టిండు. చదివి ఇనిపిస్తుంటే ఒక్క ముక్క అర్థం గాలె గాని, మస్తు గట్టిగున్నట్టు అనిపిచ్చింది. నేను సంతకం పెట్టిన. మీ కమాండెంట్‌కు రిజిస్టర్ పోస్టుల పోయింది.

ఇగ నీకు ఏం ఫికర్ లేదు. పైలం.

నాయిన


మా పోస్టు
20 నవంబర్ 2024

నాయినా! ఎంత పని జేసినవే!

మంచిగున్నరా అని అడిగే ఓపిక కూడ లేదు. మొన్న పొద్దున కమాండెంట్ సాబ్ అందరినీ నిలబెట్టి నన్ను ముందటికి పిలిచిండు. ఆయన చేతుల మన సాంబమూర్తి అంకుల్ మూడు పేజీలు. అండ్ల ఇంగ్లీషుల ఏం రాసిండో తెలుగుల చెప్తా ఇను. "దాహంతో అలమటించుచున్న వీరపుత్రిక" అంట. "సుకుమారమైన హస్తములు" అంట. సాబ్ అది చదివి హిందీల అర్థం గుడ చెప్పిండు, అందరికి సమజ్ గావాలె గదా. అప్పటి సంది బెటాలియన్‌ల నా పేరు అరుణజ్యోతి కాదు, సుకుమారి. టీ పోసేటోడు గుడ "సుకుమారి మేడం, చక్కెర ఎంత?" అంటున్నడు.

ఇంకా ఉన్నది. దరఖాస్తు నకలు అంకుల్ పై ఆఫీసుకు గుడ పంపిండు. ఆడికెళ్లి ఇద్దరు సీసాలు పట్టుకొని నీళ్లు పరీక్ష చెయ్యనీకి వచ్చిండ్రు. ఎనక ఒక ట్యాంకర్. నాయినా, ఈడ మూడు నల్లాలు, ఒక బోరింగు ఉన్నయి! నీళ్లు ఎక్కువై పోస్టు ఎనక బురద. ట్యాంకర్ నీళ్లు ఏడ పొయ్యాల్నో తెల్వక డ్రైవర్ ఊర్లకు పోయి బర్రెల తొట్టి నింపొచ్చిండు.

నీ వేప కర్ర గుడ ముట్టింది. గేటు కాడ కుక్కతోని వాసన చూపిచ్చి, ఏం ఆయుధం ఇది అని గంట కూసోబెట్టిండ్రు. మహేందర్ దాన్ని పట్టుకొని మెస్సు చుట్టూ తిరిగిండు. కర్ర తిన్నగ పప్పు గంజు దిక్కు తిరిగింది.

నవ్వుకుంటనే రాస్తున్న గాని నాయినా, సాబ్ ఏమన్నడో ఇను. "ఇంట్ల ఒప్పుకోని పిల్లను ఈ పనిల నేను పెట్ట. డిసెంబర్ పది దాంక చూస్తా. అప్పటికి మీ నాయిన తన చేతితో వాపస్ రాసియ్యకపోతే నువ్వు రేషన్ స్టోర్‌ల కూసోవాలె" అన్నడు. మూడుసార్లు అడిగి సంపాదిచ్చుకున్న జాగ, నీ ఒక్క సంతకంతోని పోతున్నది.

ఇప్పుడు చెప్పొచ్చు, పేపర్ల గుడ వచ్చేసింది. మేం ఎతికేది బాయి కాదు. సొరంగాలు. అవతలి దిక్కు నుంచి కంచె కిందికెళ్లి తవ్వుకొచ్చి, మన పొలాలల్ల తేలి, తుపాకులతోని మనుషులను పంపిస్తరు. బయటికొచ్చే బొంద మీద మట్టి కప్పి పెడతరు. అది దొరికిచ్చుకొని కూలగొట్టుడు మా పని. అందుకే పూడ్చిన బాయి గురించి అడిగిన. నువ్వు కొబ్బరికాయ చెప్పినవ్.

వెంటనే వాపస్ రాయి. ఈసారి అంకుల్‌ను కలం ముట్టనియ్యకు.

జ్యోతి


ఎల్బీనగర్
27 నవంబర్ 2024

బిడ్డా,

ట్యాంకర్ సంగతి చదివి మీ అమ్మ పడి పడి నవ్వింది. సాంబమూర్తి సార్‌కు చెప్తే ఆయన నవ్వలే. "ట్యాంకర్ వచ్చిందా? అంటే నా డ్రాఫ్టు పనిచేసిందన్నమాట!" అని కాలరెగరేసిండు. ఆయనకు ఏం చెప్పాలె?

కని సొరంగం అన్న మాట కాడ నా నవ్వు ఆగింది. వాపస్ రాయ. ఇంకో దరఖాస్తు కావాల్నంటే రాస్త. కోపం జేసుకో, మాట్లాడకు, ఏమన్నా అనుకో. బాయి కోసం తవ్వుతున్నవంటేనే నాకు పానం గుంజింది, ఇప్పుడు సొరంగమంటున్నవ్.

నీకు చెప్పని మాట ఒకటున్నది. మీ జానయ్య చిన్నాయిన జొరమొచ్చి పోయిండని చెప్పినం గదా. అబద్ధం. అప్పుడు నువ్వు మీ అమ్మ కడుపుల ఉన్నవ్. మునుగోడు దిక్కు ఒక రైతు బాయిల పూడిక తీస్తున్నం. వాడు కింద, నేను పైన తాడు పట్టుకున్న. మా పనిల ఒక కట్టుబాటుంది. కింద మనిషి ఉన్నంతసేపు తాడు పట్టినోడు మాట్లాడొద్దు, బీడి ముట్టియ్యొద్దు, చూపు పక్కకు తిప్పొద్దు. నేను తిప్పలే బిడ్డా, ఒట్టు. ఒక దిక్కు దరి ఇరిగి పడ్డది. నేను గుంజిన. తాడు తేలిగ్గ వచ్చింది. వాడు నడుముకు కట్టుకోలే. కట్టుకోరా అని పొద్దున చెప్తే "గీ రెండు గజాలకేందన్నా" అని నవ్వి తట్టకు కట్టిండు. నేను ఇంకోమాట అంటే ఇనేటోడు. అనలే. ఆ నెలనే ఊరిడిసి పట్నం వచ్చినం. ఆనాటి సంది నేను బాయిల దిగలే. సంపులు తవ్విపిస్త, అది గుడ పైన నిలబడి.

అందుకే నిన్ను బొందల దిగనియ్య. అర్థమయిందా?

28. పొద్దున. పోస్టు చేద్దామని పోయి మళ్ల ఇంటికి తెచ్చిన. నువ్వు అడిగినదానికి చెప్పకుంట ఉంటే నాకు అన్నం సయిస్తలేదు. వాపస్ రాయ, అది వేరే. పనోడు పని అడిగితే చెప్పాలె, ఇది వేరే. రాసుకో.

ఒకటి. నీళ్లు పొయ్యి. పుట్టు భూమి నీళ్లను నిలబెట్టుకుంటది, మెల్లగ తాగుతది. చెయ్యిపడ్డ భూమి గటగట తాగుతది. ఎంత పోసినా నిండదు.

రెండు. మట్టి రంగు జూడు. ప్రతి లోతుకు ఒక మట్టి. అడుగున ఉండాల్సిన మట్టి ముక్క పైన కనవడ్డదంటే ఎవడో కిందిదాంక పోయొచ్చిండు. ఎంత శుభ్రంగ పూడ్చినా గోరంత ముక్కలు మిగులుతయి. తవ్వినోడు ఎరగడు, ఇంకో తవ్వేటోడే ఎరుగుతడు.

మూడు. సలాక గుచ్చినప్పుడు చేతితోని కాదు, మడిమెతోని ఇను. డొల్లగుంటే మడిమెకు తెలుస్తది. చెప్పులిడిసి నిలబడు. చలి అని సాకులు చెప్పకు.

ఇవి నీ జట్టోళ్లకు చెప్పు. వాళ్లు ఎతుకుతరు. నువ్వు స్టోర్‌ల వెచ్చగ కూసో.

నాయిన


మా పోస్టు
6 డిసెంబర్ 2024

నాయినా,

చిన్నాయిన సంగతి రెండుసార్లు చదివిన. ఇంతకాలం నీ ఒక్కని కడుపుల పెట్టుకున్నవా? చిన్నప్పుడు సంపు కాడికి ఉరికొస్తే నన్ను కొట్టినవ్, యాదుందా? ఎందుకు కొట్టినవో నాకు ఇన్నేండ్లకు తెలిసింది. నేను నీ మీద అరుసుకుంట రాసిన దానికి తప్పయింది. అయినా చెప్పేదైతే చెప్తా. నీ ముందట దాచి నాకు అలవాటు లేదు.

దొరికింది నాయినా! దొరికిచ్చుకున్నది నేను!

మంగళారం పొద్దున కంచెకు దగ్గరున్న గోధుమ చేన్లకెళ్లి నడుస్తున్నం. ఒక ముసలి రైతు మొదటి తడి పెడుతున్నడు. ఇంజన్‌ను, ఎలుకలను, ఎలుకలను పుట్టిచ్చిన దేవుణ్ణి తిట్టుకుంట ఉన్నడు. ఏమైంది బాబా అంటే, పక్క మళ్లన్నీ నిండినయి, ఈ ఒక్క మడి మాత్రం నిండుతలేదు, ఎలుకలు బొక్కలు చేసినయి అన్నడు. మహేందర్ పద పద అంటున్నడు. నా కాలు కదలలే. ఇంకొంచెం నీళ్లు ఇడువు బాబా అన్న. గటగట తాగుతున్నది నాయినా, నువ్వు చెప్పినట్టే. వంగి చూసిన. నల్ల మట్టి మీద పసుపుపచ్చ జిగురు మట్టి ముక్కలు, గోరంతగున్నయి. మేం వారం కింద ఇరవై అడుగుల లోతు కందకం తవ్వినప్పుడు ఆ పచ్చ మట్టి అట్టడుగున కనవడ్డది. పైకి ఎట్లొచ్చింది?

బూట్లు ఇప్పిన. అందరు నవ్విండ్రు, సుకుమారి కాళ్లు కడుక్కుంటున్నదని. సలాక గుచ్చిన. మడిమెకు తెలిసింది. రెండోసారి గుచ్చితే సలాక పిడి దాంక దిగి చేతిలకెళ్లి జారింది. ఆ తర్వాత ఎవలూ నవ్వలే.

తవ్వితే ఇసుక బస్తాలు. వాటి కింద మూడడుగుల బొంద, పక్కన గాలి కోసం ప్లాస్టిక్ పైపు. గాలి పరీక్ష చేసిండ్రు, మందుపాతర లేదని చూసిండ్రు. ఇగ మనిషి లోపలికి పోయి ఎంత దూరముందో చూడాలె. లావు మనిషి మలుసుకోలేడు. ఆడున్నోళ్లల్ల సన్నటిదాన్ని నేనే. పోత సర్ అన్న. ఇంకా పది తారీఖు రాలే గదా.

తాడు నడుముకు కట్టుకున్న. సంకల కిందికెళ్లి ఇంకో సుట్టు, రెండు ముళ్లు. పైన మహేందర్ పట్టుకున్నడు. మన కట్టుబాటు చెప్పిన, నేను పైకొచ్చేదాంక మాట్లాడొద్దని. అరగంట నోరు మూసుకున్నడు. వాని జన్మల అదే మొదటిసారి అయ్యుంటది.

లోపల భయమయింది. అబద్ధం చెప్ప. మోకాళ్ల మీద పాకుకుంట పోతుంటే నా ఊపిరి నాకే పెద్దగ ఇనవడ్డది. గోడల మీద పార గుర్తులు వరుసగ, నున్నగ ఉన్నయి. తవ్వినోడు మంచి పనోడు నాయినా. అంత పని తెలిసినోనితోని గీ పాడు పని చేపిచ్చిండ్రే అని బాధయింది. పైన సరిహద్దు రాయి ఉన్నంత దూరం లెక్కకు వచ్చే దాంక పోయి, లైటు ఏసి, సాబ్ ఇచ్చిన కెమెరాతోని ఫొటో తీసి, తాడు రెండుసార్లు గుంజిన. వాళ్లు గుంజిండ్రు. బరువుగ వచ్చిన్నంట. చేతులు పట్టుకుపోయినయి, మెస్సుల అన్నం తగ్గియ్యి అని మహేందర్ ఇప్పటికీ అంటున్నడు.

రేపు లోపల మందు పెట్టి మొత్తం కూలుస్తరు, మీదికెళ్లి మట్టి కూరుస్తరు. ఇరవై తారీఖున జట్టు పక్క సెక్టార్‌కు పోతది. సాబ్ నా భుజం తట్టిండు గాని మాట మార్చలే. గడువు మాత్రం ఇరవై దాంక పెంచిండు. "మీ నాయిన కాయిదం నా ఫైల్‌ల ఉంది, దాన్ని నేను చించలేను" అన్నడు.

నేను బతిమిలాడ. నువ్వు వద్దంటే స్టోర్‌ల కూసుంట, మనసుల పెట్టుకోను. కని నాకు ఈ పని వచ్చు నాయినా. నీకెట్ల వచ్చో నాకూ అట్లనే వచ్చు.

జ్యోతి


ఎల్బీనగర్
14 డిసెంబర్ 2024

బంగారు బిడ్డా,

స్పీడ్ పోస్టుల పంపుతున్న. దిల్‌సుఖ్‌నగర్ పోస్టాఫీసుల అమ్మాయిని ఇరవైలోపల ముడుతదా అని నాలుగుసార్లు అడిగిన. "ముడుతది పెద్దాయనా, ఇంకోసారి అడిగితే నేనే తీసుకపోయి ఇస్తా" అన్నది.

సొరంగం కూలగొట్టింది టీవీల చూపిచ్చిండ్రు. పొగ తప్ప ఏం కనవడలే. మీ అమ్మ మాత్రం ఆ పొగల నిన్ను చూసిన్నంటున్నది. కాలనీ అంత మన ఇంట్లనే. సాంబమూర్తి సార్ వచ్చి కండ్లు తుడుసుకొని, "అమ్మాయి చేతులు సుకుమారమని రాశానండీ, నా చెయ్యి విరగ్గొట్టుకోవాలి" అన్నడు. పాపం మంచోడు. ఆయన భార్య వేదవతమ్మ పులిహోర చేసి పంపింది.

నీ ఉత్తరం ముందుగాల నేనొక్కణ్ణే చదివిన. "బరువుగ వచ్చిన్నంట" అన్న కాడ ఆపిన. ఆడికెళ్లి ముందటికి పోవుడు చాతగాలె. మీ అమ్మ వచ్చి ఏమైందయ్యా, ఎందుకేడుస్తున్నవ్ అని పరేషాన్ అయింది. ఏం కాలే, పిల్ల బరువుగ వచ్చిందంట అన్న. ఆమెకు అర్థమై నా పక్కన కూసున్నది. ఇరవై ఆరేండ్లాయె, జానయ్య పేరు మేం ఇంట్ల పెద్దగ అనుకొని. ఆ రోజు సాయంత్రం దాంక వాని ముచ్చట్లే చెప్పుకున్నం. ఎంత నవ్విపిచ్చేటోడో నీకు వచ్చినంక చెప్తా.

రెండు రోజులు అటా ఇటా అయిన. నిన్న పెద్ద అంబర్‌పేట్‌ల సంపు పని నడుస్తుంటే, అడుగున మొరం ఇరుగుతలేదని పనోళ్లు పైకొచ్చి కూసున్నరు. నడుముకు తాడు కట్టుకొని నేను దిగిన. భయమయింది. నువ్వు భయపడుకుంట పోయినవని రాసినవ్ గదా, నాకేం సిగ్గు? పది దెబ్బలు కొట్టి పైకొచ్చిన. నువ్వన్నది నిజమే బిడ్డా. పని వచ్చినోణ్ణి పక్కన కూసోబెడితే వానికి పానం పోయినట్టే ఉంటది. నన్ను నేను ఇన్నేండ్లు అట్ల కూసోబెట్టుకున్న. నిన్ను కూసోబెట్ట.

సార్ ఇంగ్లీషుల కొట్టిస్తానన్నడు. వద్దన్న. కింద కాయిదం నా చేతితోని, నాకొచ్చిన తెలుగుల రాసిన. మహేందర్ హిందీల చెప్తడు గాని, ఒక్క ముక్క గుడ కలపొద్దని చెప్పు.

మీ అమ్మ పైలం అంటున్నది. నేను గుడ.

నాయిన

*

కమాండెంట్ సాబ్‌కు దండాలు.

నేను అరుణజ్యోతి నాయినను, లింగస్వామిని, బాయిలు తవ్వేటోణ్ణి. నా పేరు మీద వచ్చిన మూడు పేజీల దరఖాస్తు వాపస్ తీసుకుంటున్న. అప్పుడు నాకు భయమై రాపిచ్చిన. ఇప్పుడు గుడ భయమే ఉన్నది, అయినా వాపస్ తీసుకుంటున్న. నా బిడ్డకు మట్టి తెలుసు. ఆమెను తవ్వనీయుండ్రి.

ఆమె కింద ఉన్నంతసేపు, పైన తాడు పట్టినోళ్లను మాట్లాడనియ్యకుండ్రి.